ఎవర్‌సిల్వర్ టంబ్లర్లలో బరోలో

పేరు చూడకుండా, ధర అడగకుండా, పక్కవాడి మొహం వంక చూడకుండా మీరు చివరిసారి దేన్ని బాగుందన్నారు?

తొందరపడి జవాబు చెప్పకండి. ఇరవయ్యారేళ్ళ పాటు ఈ ప్రశ్న ఇతరులకు వేయడం నా ఉద్యోగంలో భాగం. ఆ ఉద్యోగంలో నేను అన్నం సయించకుండా గడిపిన కొద్ది రోజుల గురించి ఇప్పుడు రాస్తున్నాను.

2022 ఏప్రిల్. చెన్నైలో ఒక పెద్ద హోటల్, రెండో అంతస్తులో ఇటాలియన్ రెస్టారెంటు. అక్కడ నేను హెడ్ సొమెలియేని. అంటే వైన్ రుచి చూసి కొనేవాణ్ణి, నిలవ చేసేవాణ్ణి, ఏ వంటకం పక్కన ఏది నప్పుతుందో అతిథికి చెప్పేవాణ్ణి. మా వాషర్‌మెన్‌పేట్ వీధిలో మాత్రం "మోహన్ హోటల్లో మందు పోస్తాడు" అంటారు. అదీ అబద్ధం కాదు. మద్యం మాట వినగానే మొహం చిట్లించేవాళ్ళకు ఒకటే చెబుతాను. తాగమని నేనెవరికీ చెప్పడం లేదు. ఈ వృత్తిలో మేం ఒక గుక్క తీసుకుని, నోట్లో తిప్పి, ఉమ్మేస్తాం. రోజుకు పాతిక రకాలు చూసేవాడు మింగుతూ కూర్చుంటే మధ్యాహ్నానికే పనికిరాకుండా పోతాడు.

మా నాన్న ప్రెస్సులో కంపోజిటర్. ఆదివారాలు నన్ను మా పేటలోని చిన్న రీడింగ్ రూముకు తీసుకెళ్ళేవాడు. అక్కడ జాతకాల మీద, మొక్కుల మీద, కులం మీద వాదాలు జరిగేవి. ఎవరెంత గొంతు చించుకున్నా చివరికి ఎవరో ఒకరు లేచి "ఋజువేది?" అని అడిగేవారు. గొంతు పెద్దదైనంత మాత్రాన మాట నిజం కాదని పదేళ్ళకే అక్కడ తెలుసుకున్నాను. ఆ బుద్ధితోనే ఈ వృత్తిలోకి వచ్చాను. వచ్చి చూస్తే, నేను వెనక వదిలేశాననుకున్న తంతులన్నీ ఇక్కడ కోటు వేసుకుని కూర్చున్నాయి.

కార్కు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. కార్కుకు కార్కు వాసనే వస్తుంది. బల్ల దగ్గర పెద్దమనిషి గ్లాసులో అంగుళం పోసి వెయిటరు చేతులు కట్టుకుని నిలబడతాడు. సీసా చెడిపోలేదు కదా అని చూసుకోవడానికి పుట్టిన ఆచారం అది. మన దగ్గర తల ఊపడం మాత్రం మిగిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తుంటారు. బాగాలేదంటే తనకు ఏమీ తెలియదనుకుంటారేమోనని భయం. ఆ అంగుళం నోట్లో పోసుకుని "బాగాలేదు" అన్న అతిథులను నా సర్వీసు మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. హారతి పళ్ళెం ముందుకొస్తే చేయి దానంతటదే ఎలా లేస్తుందో, ఇదీ అంతే.

అందుకే మా సిబ్బందికి చెప్పే పాఠాల్లో మొదటి రోజు సీసాలన్నిటికీ పాత పేపర్లు చుట్టేవాణ్ణి. "గ్లాసులో ఉన్నది చెప్పండి. మీరు చదివింది నాకక్కర్లేదు" అనేవాణ్ణి. ఇటలీ ఎర్ర వైన్లను ఆస్వాదించడమంటే పేర్లు వల్లించడం కాదు. కియాంటిలో ఉండేది సాంజొవేసే అనే ద్రాక్ష. సగం పండిన రేగుపండులా నాలుక పక్కల నీరూరిస్తుంది. అమరోనె ఎండబెట్టిన ద్రాక్షతో చేస్తారు. ఎండు ఖర్జూరం వాసన, గొంతు దిగేటప్పుడు వేడి. బరోలో నెబ్బియోలో అనే ద్రాక్ష నుంచి వస్తుంది. చూడటానికి పలచన, అంచున ఇటుక రంగు, ఇదేం ఎర్ర వైన్ అనిపిస్తుంది. నోట్లో పెట్టుకోగానే చిగుళ్ళు బిగుసుకుంటాయి. ఆ వగరును టానిన్ అంటారు. పచ్చి వక్క కొరికినప్పుడు తెలిసేది అదే. కానీ బరోలో గొప్ప వగరులో లేదు, వాసనలో ఉంది. ఎండిన గులాబీ రేకులు, అప్పుడే తారు పోసిన రోడ్డు, రెండూ ఒకే గ్లాసులో. మొదటిసారి అది నాకు అందిన రోజున గ్లాసు కింద పెట్టలేక పావుగంట కూర్చుండిపోయాను.

2021 మేలో నాకు కోవిడ్ వచ్చింది. ప్రాణం దక్కింది. వాసన పోయింది.

"మూడు వారాల్లో వస్తుంది" అన్నాడు ఈఎన్‌టీ డాక్టరు. మూడు నెలలకు "కొందరికి ఆలస్యం" అన్నాడు. ఆరు నెలలకు "రాకపోనూ వచ్చు, ప్రయత్నం మానకండి" అన్నాడు. ప్రయత్నమంటే పొద్దునా సాయంత్రం లవంగం, నిమ్మతొక్క, నీలగిరి తైలం ముక్కు దగ్గర పెట్టుకుని పాత వాసనను గుర్తు చేసుకోవడం. చేశాను. ఖాళీ డబ్బాలో తల పెట్టినట్టుండేది. ఒక పొద్దున పొయ్యి మీద పప్పు మాడి వంటిల్లంతా పొగ కమ్మితే నేను పక్క గదిలో వెనక్కి తిరిగి కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి నా వైపు చూసింది.

"హోటల్లో చెప్పినారా?"

"చెప్తా."

"యాడ చెప్తారు. సంవత్సరం అయిపోతాంది."

చెప్పలేదు. హోటళ్ళు మూతబడి మా సిబ్బందిలో సగం మంది ఇళ్ళకు పోయిన కాలం అది. యాభై రెండేళ్ళ సొమెలియే, ముక్కు లేనివాడు, మరి ఏ పనికి? పైగా నా నాలుక పోలేదు. వాసన పోయినా పులుపు, చేదు, తీపి, వగరు, ఘాటు తెలుస్తూనే ఉంటాయి. చిగుళ్ళు బిగుసుకుంటే నెబ్బియోలో, నీరూరితే సాంజొవేసే, గొంతు కాలితే అమరోనె. మిగతాదంతా ఇరవయ్యారేళ్ళుగా నోటికి వచ్చిన మాటలే. నాకు రాని గులాబీ వాసనను అతిథులకు వర్ణించాను. వాళ్ళు ముక్కు గ్లాసులో పెట్టి "అవునవును" అనేవాళ్ళు. ఋజువేదని అడిగే బెంచీల మీద పెరిగినవాణ్ణి, పదకొండు నెలలు బాబాల పని చేశాను. బాబాకైనా తన మహిమ మీద కొంత నమ్మకం ఉంటుందేమో. నాకు అదీ లేదు.

నా కింద సుగుణ పనిచేసేది. ముప్పై మూడేళ్ళు. రాయపురంలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబం. వాళ్ళమ్మ హార్బరులో చేపల తట్ట వేలం పాడుకుని వీధుల్లో అమ్ముతుంది. సుగుణ మా హోటల్లో బాంక్వెట్ హాలులో, అంటే పెళ్ళిళ్ళూ పార్టీలూ జరిగే చోట, గ్లాసులు తుడిచే పనిలో చేరింది. నా క్లాసులకు డ్యూటీ అయిపోయాక వచ్చి వెనక నిలబడేది. పేపరు చుట్టిన సీసాల్లో ఆమె చెప్పింది తప్పడం నేను చాలా అరుదుగా చూశాను. చివరికి వైన్ టీములోకి తీసుకున్నాం. ఆ ఏప్రిల్ నెలాఖరుకు ఆమెను పర్మనెంటు చేయాలి. కాగితం నా సంతకం కోసమే ఆగి ఉంది.

ఆ నెల మధ్యలో మా రెస్టారెంటులో ఒక విందు ఏర్పాటైంది. నాలుగు వంటకాలు, నాలుగు ఇటాలియన్ ఎర్ర వైన్లు, ఎనభైమంది అతిథులు. అందులో ముఖ్యం బరోలో. దానికోసం తెప్పించిన సరుకు విందుకు పది రోజుల ముందు హార్బరు నుంచి బయటికొచ్చింది. దిగుమతిదారు తరపు ఏజెంటు గజపతి మూడు సీసాలు శాంపిల్‌గా పట్టుకుని వచ్చాడు. సౌకార్‌పేటలో ఆఫీసు, నాకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు.

వైన్ ఎండకు ఓర్చుకోదు. ఏప్రిల్‌లో హార్బరులో నిలబెట్టిన ఇనప కంటెయినర్ లోపల ఎంత వేడి ఉంటుందో చెన్నైవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అందుకని లోపల చల్లబరిచే యంత్రం ఉన్న కంటెయినర్‌లో తెప్పిస్తారు. దాన్ని రీఫర్ అంటాం.

"రీఫర్‌లోనే కదా వచ్చింది?" అని అడిగాను.

"ఏమప్పా మోహన్, నిన్నా మొన్నా చూస్తాండావా నన్ను? రీఫరే. చుమ్మా ఊరికే సందేహపడమాకు."

గ్లాసు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. వెలుతురుకు ఎత్తి చూశాను. ఇటుక రంగు ఉంది. వేరే వైన్ అయితే ఆ రంగే ఏదో తేడా అని చెప్పేది. బరోలోకి అది సహజం. నోట్లో పోసుకున్నాను. చిగుళ్ళు బిగుసుకున్నాయి. పులుపు ఉంది. ఉమ్మేశాను.

"బాగుంది. గులాబీ ఇంకొంచెం వెనకబడి ఉండాది, అంతే."

సుగుణ తన గ్లాసు వాసన చూసి కింద పెట్టింది. మళ్ళీ తీసి చూసింది.

"సార్, ఇది ఉడికిపోయుండాది."

"ఏంది?" అన్నాడు గజపతి.

"జామ్ అడుగంటితే వస్తాదే, అట్లుండాది సార్. గులాబీ ఏమీ లే. ఎండలో కాగిపోయింటాది."

గజపతి నవ్వాడు. "అమ్మణ్ణీ, పొద్దున లేస్తానే తట్టల్లో మీన్ వాసన చూసి, ఆడ నించి నేరుగా ఈడికొచ్చి బరోలో చూస్తే ఇంకేం తగుల్తాది?"

"మీన్ చెడిపోతే మా ఇంట్లో చెప్పేది కూడా నేనే సార్. తప్పు చెప్తే ఆ దినం మా అమ్మకి బేరం లే."

ఇద్దరూ నా వైపు తిరిగారు. "నాకు తెలియడం లేదు" అనే మూడు మాటలు చాలు. అవి అంటే మరుసటి ప్రశ్న "ఎందుకు తెలియడం లేదు?" అని వస్తుంది.

"నెబ్బియోలో అంటే ఇట్లనే ఉంటాది సుగుణా. నువ్వింకా నేర్చుకోవాల" అన్నాను. సరుకు బాగుందన్న కాగితం మీద సంతకం పెట్టాను.

ఆమె వాదించలేదు. గ్లాసు మరోసారి తీసి వాసన చూసింది. తర్వాత సీసాను తన వైపుకు తిప్పుకుని లేబుల్ చదివింది. ఆమె అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు మేనేజరు శ్రీకాంత్ పిలిచాడు. వరంగల్ మనిషి, చెన్నై వచ్చి మూడేళ్ళు. పని తెలిసినవాడు, ఓపిక తక్కువ. గజపతి ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాడట.

"ఏంది మోహన్ గారు, గా సుగుణ సప్లయర్ ముందట మన ఇజ్జత్ తీస్తదా? విందు నెత్తి మీదుంది. ఇప్పుడు వేరే సరుకు ఏడికెళ్ళి తేవాలె?"

"కొంచెం ఆగండి. ఆమె ముక్కు మంచిదే..."

"మీరు ఓకే అన్నరు. ఆమె కాదంటది. అంటే ఇద్దర్ల ఒక్కరికే ముక్కు ఉన్నట్టు కదా?"

నేను బల్ల మీది పేపర్‌వెయిట్ వంక చూస్తూ ఉండిపోయాను. ఆయన నా మౌనానికి ఆయనకు కావలసిన అర్థం తీసుకున్నాడు. సుగుణను తిరిగి బాంక్వెట్‌కు పంపేశారు. పర్మనెంటు కాగితం ఆగిపోయింది.

ఆ తర్వాతి నాలుగు రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మధ్యాహ్నం భోజనాలకీ సాయంత్రం డిన్నర్లకీ మధ్య ఖాళీలో తలుపేసుకుని ఇంకో సీసా తీశాను. వేడికి కార్కు పైకి ఉబికి ఉందా, పక్కన కారిన మరక ఉందా అని టార్చి వేసి చూశాను. లేదు. ఉంటే దాని మీద తోసేసి బయటపడేవాణ్ణి. గ్లాసులో ముక్కు ముంచినంత పని చేశాను. వేరే హోటల్లో పనిచేసే స్నేహితుణ్ణి పిలుద్దామనుకున్నాను, "నువ్వుండగా నేనెందుకు?" అంటే ఏం చెప్పను? ఇక చివరికి నాకు ఊరటనిచ్చిన ఆలోచన ఇది: ఎనభైమందిలో ఒక్కరూ బాగాలేదనరు. అందరూ పక్కవాళ్ళను చూసి తల ఊపుతారు. జీవితమంతా ఏ పిరికితనాన్ని తిట్టానో, దాని నీడలో దాక్కుంటే ఎవరికీ కనబడనని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క సరైనదే. అందుకే భయం ఇంకా పెరిగింది.

అయిదో రోజు సర్వీసు మెట్ల దగ్గర సుగుణ నన్ను ఆపింది. చేతిలో గ్లాసులు తుడిచే గుడ్డ ఉంది.

"సార్, ఒకటి అడగాల. నాకు ట్రయాంగిల్ టెస్ట్ పెట్టండి."

ఆ పరీక్ష నేర్పింది నేనే. మూడు గ్లాసులు పెడతారు. రెండింట్లో ఒకటే వైన్, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. ఊరికే ఊహిస్తే మూడింట ఒకసారి తగులుతుంది కనక ఒక్కసారితో ఆపరు, ఆరేడుసార్లు పెడతారు.

"పోయిన సంవత్సరం వచ్చిన అదే బరోలో ఆరు సీసాలు సెల్లార్‌లో ఉండాయి సార్. అదే కంపెనీ, అదే ఏటి ద్రాక్ష. అదీ, ఇదీ పెట్టండి. రెండూ ఒకటే అయితే నాకు తేడా తెలియకూడదు కదా."

"తప్పితే?"

"తప్పితే బాంక్వెట్‌లోనే ఉంటా. మళ్ళీ ఈ మాట ఎత్తను."

కాదనడానికి నా దగ్గర కారణం లేదు. శ్రీకాంత్‌కు చెప్పాను. "మంచిగుంది, ఒక్కసారికి ముచ్చట తేలిపోతది" అన్నాడు. గజపతి కూడా ఒప్పుకున్నాడు, ఒక షరతుతో.

"ఆయమ్మ ఒక్కతే చెప్తే నేనొప్పను. మోహన్ కూడా ఎదురుగా కూర్చోవాల. నీ ముక్కు ముందర ఆయమ్మ ముక్కు ఏపాటిదో చూస్తాం."

మర్నాడు మూడు గంటలకని నిర్ణయమైంది. ఆ పూట నేను చేసిన పని ఇక్కడ దాచను. రంగు చూసి పోల్చుకునే వీల్లేకుండా గాజు గ్లాసులు వద్దన్నాను. స్టాఫ్ క్యాంటీన్ నుంచి ఎవర్‌సిల్వర్ స్టీలు టంబ్లర్లు తెప్పించాను. అందరూ నా నిక్కచ్చితనాన్ని మెచ్చుకున్నారు. పాత సీసాలను మాత్రం ఆఖరి నిమిషం దాకా వైన్ నిలవ చేసే సెల్లార్ చలిలో ఉంచాను. కొత్త సీసాలు బయట సర్వీసు గదిలో ఉన్నాయి. గాజు కన్నా స్టీలు చల్లదనాన్ని చప్పున వేళ్ళకు అందిస్తుంది. చల్లటి టంబ్లరు పాతది, కానిది కొత్తది. ముక్కుతో పనే లేదు. సుగుణకూ ఆ తేడా తెలుస్తుంది, ఆమె కూడా గెలుస్తుంది, ఇద్దరం బయటపడతాం అని నాకు నేను చెప్పుకున్నాను. మోసం చేసేవాడు ఎప్పుడూ ఇంకొకరి మేలు కోసమే చేస్తున్నాననుకుంటాడు.

మూడు గంటలకు బల్ల చుట్టూ చేరాం. మా హోటల్లో కేకులు చేసే పేస్ట్రీ చెఫ్ పక్క గదిలో తలుపేసుకుని పోసి, ఏది ఎందులో ఉందో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంది. మా ఇద్దరికీ చెరో మూడు టంబ్లర్లు వచ్చాయి.

"బరోలోని ఫిల్టర్ కాఫీ చేసినారు కదప్పా" అన్నాడు గజపతి. శ్రీకాంత్ ఒక్కడే నవ్వాడు.

రెండోది చల్లగా తగిలింది. మర్యాద కోసం మూడూ ముక్కు దగ్గర పెట్టుకుని, రెండో నంబరు కాగితం మీద రాశాను. ఎదురుగా సుగుణ మూడింటినీ ఒక్కొక్కటిగా పట్టుకుంది. ముక్కు దాకా తీసుకెళ్ళలేదు. తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"ఇది చెల్లదు సార్."

"చూసినారా! ఇంకా వాసనే చూడలే, అప్పుడే సాకు" అన్నాడు గజపతి.

"సాకు కాదు సార్. రెండోది చల్లగా ఉండాది. పట్టుకోంగానే తెలిసిపోతాది. ముక్కు లేనోడు కూడా చెప్పేస్తాడు. అన్ని సీసాలూ ఒకే చల్లదనానికి తెచ్చి మళ్ళీ పెట్టండి."

శ్రీకాంత్ టంబ్లర్లు ముట్టుకుని చూశాడు. "నీకు లాభమే కదమ్మ? చెప్పేస్తె అయిపోతుండె."

"చెప్తే నాకేం తెలుస్తాది సార్? నా ముక్కు పని చేస్తాందా లేదా అని నాకు తెలియాల కదా."

అన్ని సీసాలనూ ఒకే నీళ్ళ తొట్టిలో నిలబెట్టారు. గంట ఆగాలన్నారు. ఆ గంటలో నేను రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్ళాను. ఇంటి నుంచి ఫోన్ వచ్చిందని చెప్పి వెళ్ళిపోవచ్చు. ఛాతీలో నొప్పి అనవచ్చు; దాదాపు నిజమే. లేదా కూర్చుని గుడ్డిగా నంబర్లు రాయవచ్చు. తప్పితే "వయసు" అని నవ్వేయవచ్చు. సుగుణ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఎందుకో ఆమె దగ్గరికే వెళ్ళాను.

"భయంగా ఉందా?" అన్నాను.

"రొంబ భయం సార్." కిటికీ బయటికి చూస్తూ చెప్పింది. "మొన్న మా అమ్మ వంజరం చేపల తట్ట తెచ్చి 'చూడవే' అనింది. చూసినా. బాగుండాదనే అనిపించింది. కానీ నోరు రాలే సార్. 'నాకు తెలీదు, నువ్వే చూసుకో' అన్నా. మా అమ్మ నన్ను ఎట్ల చూసిందో తెలుసా? చిన్నప్పటి నించి ఒక్కసారి కూడా ఆ మాట అనలే నేను. మీరు బాగుందంటిరి. మీకు తప్పు రాదు. అంటే నాకే ఏదో అయ్యుండాల కదా అని."

నేను తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

మళ్ళీ టంబ్లర్లు వచ్చాయి. ఈసారి మూడూ ఒకే వెచ్చదనం. మొదటిది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రెండోది. మూడోది. గజపతి నా మొహంలోకి చూస్తున్నాడు. పెన్సిలు తీసుకున్నాను. కింద పెట్టేశాను.

"నాకు తెలియదు."

"తెలియదంటే?" అన్నాడు శ్రీకాంత్.

"నాకు వాసన రాదు. కోవిడ్ తర్వాత నించి. పదకొండు నెలలుగా. ఆ సీసాలు చల్లగా ఉండింది కూడా పొరపాటు కాదు, నేనే ఉంచినా."

గజపతి కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే నా సరుకు నువ్వు బాగుందనింది..."

"వాసన తెలియకుండానే."

శ్రీకాంత్ మొహం ఎర్రబడింది, కానీ గొంతు పెంచలేదు. "మీ ముచ్చట తర్వాత మాట్లాడుదాం. మొదలు ఆమెని కానియ్యిన్రి."

సుగుణ నా వైపు చూడలేదు. మొదటి టంబ్లరు ఎత్తింది.

ఆరుసార్లు పెట్టారు. ప్రతిసారీ వాసన చూసి, మధ్యలో తన చొక్కా చేతి మడత వాసన చూసుకునేది. ముక్కుకు విశ్రాంతినివ్వడానికి మేం చేసే పని అది. నాలుగోసారి చాలాసేపు పట్టింది. మంచినీళ్ళు తాగి, మళ్ళీ చూసి, అయిష్టంగా నంబరు రాసింది. ఆమె నుదుటి మీద చెమట నాకు కనబడుతోంది. ఆమె తప్పాలని కోరుకునే కారణం నాకిక ఏదీ మిగల్లేదు. ఆమె ఓడిపోతే ఓడించింది నేనే.

పేస్ట్రీ చెఫ్ జేబులోంచి కాగితం తీసి చదివింది. ఆరింట అయిదు సరి. నాలుగోది తప్పు.

"ఒకటి తప్పింది కదా" అన్నాడు గజపతి, గొంతులో పస లేకుండా.

"గుడ్డిగా ఊహించేవాడికి ఆరింట అయిదు తగలడం వందలో రెండుసార్లు కూడా జరగదు గజపతీ" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన మాటల్లో నా వృత్తికి తగిన మాట అదొక్కటే.

గజపతి పాత సీసాలోంచి ఒక టంబ్లరులోకి, కొత్త సీసాలోంచి ఇంకోదాంట్లోకి తనే పోసుకున్నాడు. ఒకటి చూశాడు, రెండోది చూశాడు, మళ్ళీ మొదటిది చూశాడు. రెండూ కింద పెట్టి అన్నాడు: "రీఫర్‌లోనే వచ్చింది, అది నిజం. హార్బరులో దించినాక ఆ మిషన్‌కి కరెంటు ఇయ్యలే. తొమ్మిది దినాలు ఎండలోనే ఉండింది. నువ్వు బాగుందంటే బాగుందేమోలే అనుకున్నా."

ఒకరి మాట మీద ఒకరం ఆనుకుని నిలబడ్డాం. కింద నేల ఉందో లేదో చూసింది ఆమె ఒక్కతే.

సరుకు వెనక్కి పోయింది. విందులో బరోలో బదులు మా దగ్గరున్న బార్బేరా అనే ఇంకో ఇటాలియన్ ఎర్ర వైన్ పోశాం. బరోలో ఎండకు చెడిపోయిందని, అందుకే మార్చామని సుగుణే ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి చెప్పింది. నెలాఖరుకు ఆమె పర్మనెంటు అయింది. వైన్ కొనుగోలుకు ఇప్పుడు ఆమెదే ఆఖరి మాట. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు కానీ రుచి చూసే పని నుంచి తప్పించారు. న్యాయమే. స్టోర్సు చూసుకుంటాను, కొత్తవాళ్ళకు పాఠాలు చెబుతాను, మొదటి పాఠంలోనే నాకు వాసన సరిగా రాదని చెబుతాను. లవంగం ఈ మధ్య కొంచెం తెలుస్తోంది. కాఫీ మాత్రం కాలిన రబ్బరులా ఉంటుంది.

సుగుణ కొన్ని వారాలు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు సీసాలు సర్దుతూ అంది: "రాదని చెప్పింటే మీ తరపున నేను చూసిపెట్టేదాన్ని కదా సార్. దానికి బదులు నాకే రాదనిపించినారు."

క్షమించమని అడిగాను. "సరి సార్" అంది. క్షమించానని అనలేదు.

నా దగ్గర ఒక లోపం ఉండటం నేరం కాదు. జబ్బు ఎవరికైనా వస్తుంది. ఆ లోపాన్ని కప్పిపుచ్చుకోవడానికి, సరిగ్గా తెలిసిన మనిషి చేత తనకు తెలియదని అనిపించాను చూడండి, అది నేరం. హోదా చేసే అసలు హాని అదే. అది అబద్ధాన్ని నిలబెట్టడంతో ఆగదు, నిజం చెప్పిన మనిషి తన కళ్ళనూ తన ముక్కునూ అనుమానించేలా చేస్తుంది. ఆసుపత్రిలో నర్సు, సైటు మీద మేస్త్రీ, బడిలో అసిస్టెంటు టీచరు, మీ ఇంట్లో వంటావిడ, వీళ్ళలో ఎంతమంది "నాకు తెలీదు, మీరే చూసుకోండి" అనే దాకా వచ్చారో ఎవరు లెక్క తీశారు?

కాబట్టి ఈ వ్యాసం మెచ్చుకుని పక్కన పెట్టకండి. మీ కన్నా కింది స్థానంలో ఉన్న మనిషి "ఇది సరిగా లేదు" అన్నప్పుడు, పరీక్షించకుండా మీరు నోరు మూయించిన సందర్భం ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని గుర్తు తెచ్చుకోండి. రేపు పొద్దున్న ఆ మనిషి దగ్గరికి వెళ్ళండి. నలుగురి ముందు మూయించి ఉంటే నలుగురి ముందే ఆ మాటకు పరీక్ష పెట్టండి. బల్లకు అవతలి వైపు, పరీక్షకు కూర్చునేవాళ్ళ మొదటి కుర్చీలో మీరు కూర్చోండి.